నోరు తెరవమన్న కంటి డాక్టరు

ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
జూన్ నెల

ఎస్తేరొదినకి నర్సమ్మ రాస్తున్నది.

ముందుగా ఇంట్లో అందరి మంచీ చెడ్డా రాయాలి. ఆగలేకపోతున్నాను, అవన్నీ ఆఖర్న రాస్తాను. కంటి డాక్టరు నన్ను నోరు తెరవమన్నాడు వదినా!

కన్ను చూపించుకోవడానికి వెళ్ళిన మనిషిని నోరు తెరవమనడం నువ్వెక్కడైనా విన్నావా? ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరిందనీ, కుడి కంటికీ మొదలైందనీ చెప్పాడు. అంతవరకు బాగానే ఉంది. తరవాత నా షుగరు కాగితం చూశాడు, నా మొహం చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. “మాషీమా, హా కొరూన్” అన్నాడు. నాకు బెంగాలీ రాదా? వచ్చు. కానీ కళ్ళ డాక్టరు నోరు తెరవమని ఎందుకంటాడని, కన్నే ఇంకాస్త పెద్దది చేశాను. మా కోడలు మీనాకుమారి పక్కనుంచి, “కన్ను గాదత్తా, నోరు, నోరు! ఇంటికాడ పొద్దస్తమానం తెరిసే ఉంటాది గదా, ఇక్కడేటి మూసేసినావు?” అంది. కూర్చున్న వాళ్ళందరూ నవ్వారు. నేను తెరిచాను. ఆయన మటుకు నవ్వలేదు. మొహం పక్కకి తిప్పుకుని, ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. ఈ నోటితో ఉంటే కన్ను కొయ్యనన్నాడు.

నోటికీ కంటికీ ఏమిటి వదినా సంబంధం? చిగుళ్ళలో చీముందట. చీముంటే షుగరు దిగదట. షుగరు దిగకుండా కన్ను కోస్తే పుండు మానక కన్నే పోవచ్చట. ఇదంతా మీనాకుమారి దారిలో చెప్పింది. నాకు ఎక్కలేదు. ఇన్నాళ్ళూ నోరు నోరే, కన్ను కన్నే అనుకున్నాను.

నా భయం నీకు తెలియంది కాదు. ఫోనులో నేనెంత అరిచినా చెవిలో ఈగ తిరిగినట్టు ఉంటుందన్నావు. అందుకే కదా, లోకమంతా ఫోన్లు చెవిన పెట్టుకు తిరుగుతుంటే మనిద్దరమే పోస్టు డబ్బా దగ్గరికి నడుస్తున్నాం. ఇప్పుడు నా కళ్ళూ పోయాయనుకో. నువ్వు రాసింది నేను చదవలేను, నేను చెప్పింది నువ్వు వినలేవు. చదివి పెట్టేవాళ్ళు మా ఇంట్లో ఎవరున్నారు? మా అబ్బాయి బుజ్జిబాబు హిందీ బడిలో చదివాడు, మీనాకుమారీ అంతే. తెలుగు మాట్లాడతారు, తిట్టుకుంటారు, అక్షరం రాదు. నువ్వు ఆమదాలవలస వెళ్ళిపోయేదాకా, ఇక్కడి రైల్వే క్వార్టర్లలో గోడకి ఆ పక్క ఈ పక్క ఒక బతుకంతా మాట్లాడుకున్నాం. ఇది తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

గ్యాసు కట్టానో లేదోనని మధ్యలో లేచి వెళ్ళి చూసి వచ్చాను. కట్టే ఉంది. మళ్ళీ చూస్తాను.

ఇంట్లో అందరూ బాగున్నారు. నీ ఒళ్ళెలా ఉంది? మీ అమ్మాయి ఏంజలిన్ బాగుందా? చుట్టలు అయిపోవచ్చాయి. ఇటు ఎవరైనా వస్తుంటే ఒక కట్ట పంపు.

కుడి కంటితో రాసిన
నర్సమ్మ


ఆమదాలవలస
జూన్ ఆఖరు

నర్సమ్మా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. ఏంజలిన్ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. గట్టిగానే నవ్వి ఉంటాను, నాకేం తెలుస్తుంది?

డాక్టర్లంటే అంతే. కొత్త పెళ్ళికూతుర్ని భోజనాలకి తిప్పినట్టు ఒకడి ఇంటినుంచి ఒకడి ఇంటికి తిప్పుతారు. అయినా వెళ్ళు. కన్ను పోగొట్టుకోకు. నీ కోతిరాత చదవడం అలవాటైపోయింది, ఇప్పుడు ఇంకొకరి రాత నేర్చుకునే ఓపిక నాకు లేదు.

నాకేం, బాగానే ఉన్నాను. ఆదివారం చర్చిలో ఆడవాళ్ళ పాట ఇప్పటికీ నేనే ఎత్తుకుంటున్నాను. వినపడకుండా సుతి ఎలా పట్టుకుంటున్నావని కిందటేడు అడిగావు. అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

మన సందు చివరింటి గోవిందరావు ఇక్కడ చెల్లెలింటికి వచ్చాడు. వాడి చేతికి చుట్టల కట్ట ఇచ్చాను. ఒక్క సంగతి అడగాలి. పళ్ళ డాక్టరు అడ్డపొగ సంగతి కనిపెట్టాడా? నువ్వు చెప్పి ఉండవు.

ఎస్తేరు


ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
జూలై నెల

ఎస్తేరొదినకి నర్సమ్మ రాస్తున్నది.

కనిపెట్టింది! ఎలాగో చెప్తాను, తాపీగా చదువు.

పళ్ళ డాక్టరు ఇందా పేటలో ఉంటుంది. వానలో టోటో ఎక్కి వెళ్ళాం. ఆ బ్యాటరీ రిక్షా ఎక్కడ తిరగబడుతుందోనని దారంతా ఊచ పట్టుకునే కూర్చున్నాను. డాక్టరంటే చిన్నపిల్ల వదినా. శర్మిష్ఠ దీదీ అంటారు. దుర్గాపూజ పందిట్లో సాంబ్రాణి మూకుడు పట్టుకుని ఆడే పిల్లల్లా ఉంది. “బీడీ తాగుతారా?” అంది. లేదన్నాను. “గుడాకు పెట్టి పళ్ళు తోముతారా?” ఛీ, ఆ పొగాకు ముద్ద నేను ముట్టనన్నాను. “పాన్?” లేదు. అన్నీ నిజాలే కదా? మీనాకుమారి ఆగలేదు. “మా అత్త చుట్ట కాలుస్తాది. అడగండి, సెప్పదు” అంది.

చుట్టంటే ఆ పిల్లకి కొత్తేమీ కాదు. నోట్లోకి దీపం వేసి చూసింది. చూసి, “ఓ మా!” అంది. కింద చిగుళ్ళ సంగతి వదిలేసి పైకే చూస్తోంది. పొగ తాగితే పెదవులు నల్లబడతాయి గానీ అంగిలి ఇలా అవుతుందా, ఇంత పైకి సెగ ఎలా తగిలిందని అడిగింది. ఏమని చెప్పను? నడుముకి దోపుకున్న చుట్ట తీశాను. వెలిగించలేదులే, డాక్టరు గది కదా. వెలిగించే కొసని లోపలికి పెట్టి, పెదాలు మూసి, అడ్డపొగ ఎలా పీలుస్తామో చూపించాను.

ఆ పిల్ల చేతిలో అద్దం కింద పడింది.

“నిప్పు లోపలికా?” అంది.

“లోపలికే.”

“నాలుక కాలదా?”

“నాలుకని కింద పడుకోబెట్టాలి దీదీ. పసిబిడ్డని పక్క మీద పడుకోబెట్టినట్టు.”

“ఎందుకలా?”

ఎందుకో నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు వదినా. మనూళ్ళ వైపు ఆడవాళ్ళందరూ అలాగే కాలుస్తారు కదా. ఆలోచించి చెప్పాను. గాలికి ఆరిపోదు. బూడిద అంట్లలో పడదు. వెనక సందులో కాలుస్తుంటే మగవాళ్ళకి నిప్పు కనపడదు. లోపల సెగ తగులుతుంటే పంటికి పురుగు పట్టదని మా అత్త చెప్పింది. ఈ ఆఖరి మాట వినగానే ఆ పిల్ల నా ముందు పన్ను ఒకటి వేలితో పట్టుకుని అటూ ఇటూ ఊపింది. తలుపు గడియలా ఊగింది. “మరి ఇదేమిటి మాషీమా?” అంది. జవాబు చెప్పడానికి నోరు ఖాళీగా లేదు.

కంటి సంగతి నేనే అడిగాను. బల్ల మీద పుర్రె బొమ్మ ఉంది. మొదట చూసి దండం పెట్టాను. తరవాత దాన్నే పట్టుకుని చూపించింది. నోటికి పైకప్పు ఉంది చూడు, అదే ముక్కుకి నేలట. ఆ పక్కనే, చాలా పలచని ఎముక మీద, కన్ను కూర్చుంటుందట. అచ్చం మన క్వార్టర్లే వదినా! మన గోడే పక్కింటి వాళ్ళ గోడ. మనింట్లో కాలవ మూసుకుపోతే మురుగు వాళ్ళ వసారాలో తేలుతుంది. షుగరు సంగతీ చెప్పింది. చిగుళ్ళలో వాచిన చోటంతా ఒక్క దగ్గర పోగేస్తే అరచేయంత పుండవుతుందట. చేతి మీద అంత పుండుంటే ఊరుకుంటావా అంది. నోట్లో ఉంది గనక ఊరుకున్నాను. ఆ పుండు షుగర్ని దిగనివ్వదు, దిగని షుగరు పుండుని మాననివ్వదు. రెండూ చేతులు పట్టుకుని తిరుగుతున్నాయి.

ఊగే పళ్ళు పీకేసింది. మిగతావి గీకి శుభ్రం చేసింది. ఇంకా రావాలంది. ఇక అసలు సంగతి. అంగిలి మీద సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉందట, మధ్య మధ్య ఎర్ర చుక్కలట. అక్కడినుంచి మెతుకంత ముక్క తీసి పరీక్షకి పంపింది. చెడ్డదేమో చూడాలంది. ఎంత చెడ్డదని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అప్పటినుంచి నాలుకతో అక్కడే తడుముకుంటున్నాను.

నువ్వూ చూసుకో వదినా. నాకంటే ముందునుంచి కాలుస్తున్నావు, నాకు వెనక సందులో నేర్పింది నువ్వే. చేతి అద్దం పట్టుకుని ఎండలో నిలబడు. తెలుపుందా, ఎరుపుందా, పుండుందా, చూసి రాయి.

గోవిందరావు కట్ట తెచ్చాడు. ముట్టనని ఆ పిల్లకి మాటిచ్చాను గనక అలా చూస్తూ కూర్చున్నాను. చూస్తే ఒక చిత్రం కనపడింది. నువ్వెప్పుడూ కట్ట విప్పి, నీకు కావలసినవి తీసుకుని, వదులైన కట్టని చీర అంచు దారంతో బిగించి పంపుతావు. ఈసారి కొట్టువాడి దారమే ఉంది, ముడి కూడా కదల్లేదు. నీవి నువ్వు తీసుకోలేదేం?

నర్సమ్మ


ఆమదాలవలస
ఆగస్టు నెల

నర్సమ్మా,

డాక్టరమ్మ చేతిలో అద్దం పడిందన్న ముక్క ఏంజలిన్‌కి చదివి వినిపించాను. నవ్వీ నవ్వీ కూలబడింది.

చుట్ట మానేశాను. పాస్టరు గారి భార్య మానమంటే మానేశాను. అందుకే కట్ట విప్పలేదు. అందులో చిత్రమేముంది? నీకు పనిలేక దారాలూ ముడులూ చూస్తున్నావు.

అద్దం గోడకి ఎత్తుగా కొట్టారు, నాకు అందదు. వేడి చేసిందని గంజి తాగుతున్నాను. పచ్చడి మీదికి మనసు పోవడం లేదు. వయసు కదా.

నీ ముక్క పరీక్ష ఏమైంది? అది రాయి ముందు. నీ కంటి సంగతి నువ్వు చూసుకో.

ఎస్తేరు


ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
సెప్టెంబరు నెల

ఎస్తేరొదినకి నర్సమ్మ రాస్తున్నది.

పరీక్ష కాగితం వచ్చింది. చెడ్డది కాదట. చెడ్డదయ్యే దారి పట్టిందట గానీ ఇంకా ఊరు దాటలేదట. చుట్ట మానేస్తే చాలావరకు వెనక్కి వస్తుందంది శర్మిష్ఠ దీదీ. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడే ఏడ్చాను. తరవాత, కాగితం వేరేవాళ్ళదేమో మళ్ళీ చూడమన్నాను. “అత్తా, ఆ పేరు ఇంకెవులికైనా ఉంటాదేటి ఈ ఇందాలో?” అంది మీనాకుమారి. చూస్తే నా పేరే.

షుగరు కూడా దిగింది. మందు అదే, తిండి అదే, నోరు ఒక్కటే మారింది. కంటి డాక్టరు పూజ సెలవుల ముందు తేదీ ఇచ్చాడు. నిన్న మరమరాలు నమిలాను వదినా! చిగుళ్ళ నొప్పి లేదు. ఇన్నాళ్ళూ అన్నంలో నీళ్ళు పోసుకుని మింగుతూ, ఇదే ముసలితనం అనుకున్నాను.

ఇక నీ సంగతికి వస్తాను. కోప్పడకు.

వేడి చేసిందన్నావు. ఆ వైపు వానలు పడుతున్నాయని గోవిందరావు చెప్పాడు. ఎండుచేప తలకాయ కారంలో ముంచుకుని చప్పరించే మనిషివి, పచ్చడి మీదికి మనసు పోవడం లేదన్నావు. ప్రతి ఉత్తరంలోనూ ఆదివారం పాట సంగతి ఉంటుంది. పోయినసారి లేదు. అద్దం అందదన్నావు. బొట్టు పెట్టుకోకపోయినా రోజూ పాపిడి తిన్నగా తీసుకునే దానివి, అద్దం లేకుండానే తీస్తున్నావా? ముడి విప్పని కట్ట ఇంకా నా కళ్ళ ముందే ఉంది. పాస్టరు గారి భార్య చెప్తే నువ్వు ఆగేదానివైతే, మన పాత పాస్టరమ్మ చెప్పిన రోజే ఆగేదానివి. ఆవిడ ఎదురుగానే రెండు కాల్చావు.

వదినా, నీ నోట్లో ఏమైంది?

ఏంజలిన్‌కి ఫోను చేయగలను. మీనాకుమారి నంబరు నొక్కి నా చేతికిచ్చింది కూడా. అటు మోగుతుండగా కట్టేశాను. నీ నోటి సంగతి నీ కూతురికి నేను చెప్తే నువ్వు నాకు మళ్ళీ రాయవు. ఆ మాట నువ్వే చెప్పాలి.

నా చేతిలో ఉన్నది నా కన్నొక్కటే. నువ్వు డాక్టరుకి నోరు చూపించానని రాసేదాకా నేను కన్ను కోయించుకోను. తేదీ వెనక్కి తోయించేశాను. బుజ్జిబాబు నాతో మాట్లాడడం లేదు. మీనాకుమారి మాట్లాడుతోంది, మాట్లాడకపోయినా బాగుండును.

అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. నీకు తెలుస్తోందో లేదో.

నర్సమ్మ


ఆమదాలవలస
అక్టోబరు నెల

నర్సమ్మా,

నీకు మతి ఉందా? నా నోటికి నీ కన్ను తాకట్టు పెడతావా? ఎవరు పెట్టమన్నారు నిన్ను? రేపు ఆ కన్ను పోతే ఎస్తేరు వల్ల పోయిందని ఓల్డ్ సెటిల్‌మెంట్ అంతా చెప్పుకుంటుంది.

చూసుకున్నాను. నువ్వు చెప్పకముందే చూసుకున్నాను. ఈస్టర్ వెళ్ళాక మొదలైంది. అంగిలికి కుడి పక్క, చింతగింజంత. నాలుక తగిలితే గరుకుగా ఉంటుంది. కారం తగిలితే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. అంతే. చాలా?

ఎందుకు చూపించలేదని అడుగుతావు. మా మేనత్త జ్ఞానరత్నం నీకు గుర్తుందా, ఖరిదాలో ఉండేది. ఆవిడకి ఇలాగే అయితే కోశారు. తరవాత పాలు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. పెళ్ళిళ్ళకి మానేసింది, చర్చికి మానేసింది, ఆఖరికి గుమ్మంలోకి కూడా వచ్చేది కాదు.

అది ఒక్కటే అయితే ఓర్చుకుందును. ఇంకొకటుంది. ఎవరికీ చెప్పలేదు. వినపడకుండా సుతి ఎలా పట్టుకుంటున్నావన్నావు కదా. చెవులు పోయాక నా పాట నాకు అంగిట్లో తెలుస్తుంది. నోట్లో పైన సన్నగా గింగురుమంటుంది. పై స్వరానికి ఒక రకంగా, కింది స్వరానికి ఒక రకంగా. ఆ గింగురుని పట్టుకునే పాడుతున్నాను. లోకంలో నాకు మిగిలిన చప్పుడు అదొక్కటే. వాళ్ళు కోసేది సరిగ్గా అక్కడే.

ఇదీ సంగతి. ఇక అడగకు. వెళ్ళి కన్ను చేయించుకో.

ఎస్తేరు


ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
అక్టోబరు ఆఖరు

ఎస్తేరొదినకి నర్సమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం చదివాక ఏడవాలో నీ మీద అరవాలో తెలియక టోటో ఎక్కేశాను. ఒక్కదాన్నే. నేను! ఇందాకి! దారిలో ఎక్కడ దిగాలో పోల్చుకోలేక టోటోవాణ్ణి విసిగించాను.

శర్మిష్ఠ దీదీకి అంతా చెప్పాను. చూడకుండా ఏమీ చెప్పలేనంది. చింతగింజంత ఉన్నప్పుడు చూపించడం వేరు, నిమ్మకాయంత అయ్యాక వేరు అంది. మీ మేనత్త రోజులు కావివి, ఇప్పుడు కోసిన చోట కట్టుడు పళ్ళ సెట్టులాంటి ప్లేటు పెడతారట. అది పెట్టుకుంటే పాలు ముక్కులోకి పోవు, అభ్యాసం చేస్తే మాటా తెలుస్తుందట. ఇదంతా గడగడా చెప్పింది.

గింగురు సంగతి అడిగాను. “ఇది నన్నెవరూ అడగలేదు మాషీమా” అంది. తరవాత లేచి దూది తెచ్చింది. నా చెవుల్లో కుక్కింది, తన చెవుల్లోనూ కుక్కుకుంది. “పాడండి” అని సైగ చేసింది. నాకు పాటలెక్కడొచ్చు? ‘ఊఁ’ అన్నాను. తనూ ‘ఊఁ’ అంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఊఁ ఊఁ అంటూ, ఎక్కడ వస్తోందో వేలితో తడుముకుంటున్నాం. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు తోసి చూశారు. ఒకాయన పన్ను పీకించుకోకుండానే వెళ్ళిపోయాడు.

వదినా, నువ్వు చెప్పింది నిజమే. నోరు తెరిచి ‘ఆ’ అంటే అంగిట్లోనే వస్తుంది. కానీ నోరు మూసి ‘మ్’ అంటే ముక్కు దూలంలో వచ్చింది. పై పళ్ళూ కింది పళ్ళూ ఆనించి అంటే పళ్ళలో జుమ్మంది. దవడ మీద చెయ్యి పెడితే అక్కడా ఉంది. నుదుటి మీదా ఉంది! ఇంటికొచ్చి మీనాకుమారి చెవుల్లోనూ దూది పెట్టాను. “ఏటత్తా ఇది, తలకాయలో కుక్కరు కూత్తంది!” అని కేక పెట్టింది. అప్పటినుంచి వంట చేస్తూ కూడా ‘మ్’ అంటోంది.

చిన్నప్పుడు రైలు పట్టా మీద చెవి పెట్టి వినేవాళ్ళం, గుర్తుందా? బండి ఎక్కడో దూరంలో ఉండగానే పట్టాలో తెలిసేది. ఇదీ అంతేనేమో. పాట పుట్టేది గొంతులో. అక్కడినుంచి ఎముకలు పట్టుకుని పోతోంది. అంగిలి ఒక పట్టా. దాన్ని తీసేస్తే బండి ఆగిపోతుందని నువ్వనుకుంటున్నావు. ఇంకో లైను మీద రాదా? వస్తుందని నేను ప్రమాణం చెయ్యను. నాకు రాదనే భయం కూడా ఉంది. నాకు దేనికి భయం లేదు గనక?

నువ్వే చేసి చూడు. అంగిలి సంగతి వదిలెయ్. నోరు మూసి, పళ్ళు ఆనించి, ‘మ్’ అని ఎక్కడ వచ్చిందో నాకు రాయి. చింతగింజ చింతగింజగా ఉండగానే రాయి వదినా.

నర్సమ్మ


ఆమదాలవలస
జనవరి నెల

నర్సమ్మా,

నీకు బదులు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఎన్నిసార్లు పోస్టు డబ్బా చూసుకున్నావో నేను ఊహించగలను.

నీ ఉత్తరం వచ్చిన రోజే చేసి చూశాను. గదిలో తలుపేసుకుని ‘మ్’ అన్నాను. పళ్ళలో వచ్చింది. సిగ్గులేకుండా మళ్ళీ మళ్ళీ అన్నాను. ఏంజలిన్ తలుపు తోసుకుని వచ్చి, తల్లికి మతి పోయిందని ఏడవడం మొదలెట్టింది. ఇక దాచేందుకేముంది? నోరు తెరిచి చూపించాను. అప్పుడు నిజంగా ఏడ్చింది.

విశాఖపట్నం తీసుకెళ్ళారు. చెడ్డదే. మెడకి పాకలేదన్నారు. కోశారు. ఆ రోజుల సంగతి రాయను, నీకు నిద్ర పట్టదు. ఇప్పుడు ప్లేటు పెట్టుకుంటున్నాను. ప్లేటుంటే గంజి గొంతులోకే పోతుంది. తీసి కడుక్కుంటుంటే ఒక్కోసారి మా మేనత్త గుర్తొస్తుంది. ఇంకా చాలాకాలం చూపించుకుంటూ ఉండాలట.

క్రిస్మస్‌కి చర్చికి వెళ్ళాను. పాట ఎత్తుకోలేదు, మా పాటల గుంపులోని ఏబెల్ పెళ్ళాం ఎత్తుకుంది. నేను వెనక వరసలో కూర్చుని, వాళ్ళ పెదాలు చూస్తూ, నోరు మూసి ‘మ్’ పట్టుకున్నాను. అంగిట్లో ఏమీ లేదు. ప్లేటు మొద్దుగా ఉంది. పళ్ళలోనూ సరిగా రాలేదు, ఆ పక్క పళ్ళు కూడా పోయాయి కదా. నీ మీద చాలా కోపం వచ్చింది. లేచి వచ్చేద్దామనుకున్నాను. ఇంకో చరణం చూద్దామని ఆగాను. అప్పుడు వచ్చింది నర్సమ్మా. కనుబొమల మధ్య. ఎంతో సన్నగా, దోమ పాడినట్టు. కానీ పై స్వరానికి ఒక రకంగా, కింది స్వరానికి ఒక రకంగా.

నా మాట మారిందంటున్నారు. ఎలా మారిందో నాకు తెలియదు, నాకు వినపడదు. ఎవరినడిగినా ‘బాగుంది’ అని కాగితం మీద రాసి చూపిస్తారు. ఏంజలిన్ ఇంకా పెద్ద అక్షరాలతో రాస్తుంది. వీళ్ళని నేను నమ్మను. నీకు అబద్ధం చెప్పడం రాదు, మొహంలో తెలిసిపోతుంది. నువ్వు వచ్చి విని చెప్పు.

డాక్టరుకి నోరు చూపించానని రాసేశాను. ఇక నీ కన్ను మాటేమిటి?

ఎస్తేరు


ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
ఫిబ్రవరి నెల

ఎస్తేరొదినకి నర్సమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం కొంగున కట్టుకునే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన షుగరు కాగితం చూసి, ముందు నోరు తెరవమన్నాడు. ఈసారి అడగకముందే తెరిచాను. “భాలో” అన్నాడు, బాగుందని. తరవాతే కన్ను ముట్టుకున్నాడు.

కట్టు విప్పాక మొదట మీనాకుమారి మొహం కనపడింది. “ఏమే, నీకిన్ని తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయి?” అన్నాను. “నీ కన్ను తేదీ తోయించినావు సూడు, ఆ రోజొచ్చినాయి” అంది.

ఇంటికొచ్చి నేను పోస్టు చెయ్యకుండా మరిచిపోయిన ఉత్తరం ఒకటి తీసి చూశాను. నా రాత నేనే చదవలేకపోయాను వదినా. వరస మీద వరస ఎక్కింది, సగం అక్షరాలు కాగితం దాటి పోయాయి. ఇలాంటివా నీకు పంపింది? ఎలా చదివావు? ఒక్కసారైనా అనలేదేం?

కుడి కంటికి ఇంకా టైముందన్నాడు. బుజ్జిబాబు టికెట్టు తీశాడు. మీనాకుమారి కూడా వస్తోంది, నేను దారిలో తప్పిపోతానని దానికి భయమట. ఈ ఇంట్లో భయాలన్నీ ఇప్పుడు దానికి వెళ్ళిపోయినట్టున్నాయి. నాకు కొన్ని మిగిలాయిలే. బండి ఆమదాలవలసలో ఎక్కువసేపు ఆగదట, దిగలేకపోతే ఎలా?

నీ మాట ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్తాను. బాగోకపోతే బాగోలేదనే చెప్తాను. అందాక ఎవరినీ అడగకు. స్టేషనుకి రా. నేను దిగగానే మాటలు మొదలెట్టకు, నా చెవుల్లో పెట్టుకుని నీతో కలిసి ‘మ్’ అనడానికి తెస్తున్న దూది ఇంకా సంచిలోంచి తియ్యాలి. ముందు ఎండ ఉన్న వైపు తిరిగి నోరు తెరువు. ఈ కొత్త కంటితో నేను చూడాలి.

నర్సమ్మ